మూరెడు కత్తి కాదు, తోక చాకు

మా ఆయన వీధి అరుగు మీద కూర్చుని చెప్పే కథ నమ్మకండి. "మా ఆవిడా, మా అక్కా రాంపూరు వెళ్ళి, మూరెడు కత్తి కావాలని అడిగి, పోలీసు చేతికి చిక్కారు" అని ఆయన చోడవరంలో కనబడిన ప్రతివాళ్ళకీ చెబుతున్నారు. వినేవాళ్ళు కడుపుబ్బ నవ్వి రెండో కప్పు కాఫీ అడుగుతున్నారు. ఆ కాఫీ కలపాల్సింది నేను. అందుకని అసలు సంగతి నేనే రాయక తప్పలేదు.

ఆయన రాంపూరు రాలేదు. అనకాపల్లి స్టేషను దాకా వచ్చి, తిరుగు బస్సు దొరకదంటూ బండి కదలకముందే వెళ్ళిపోయారు. నేను రాంపూరు నుంచి రాసిన పోస్టుకార్డులో చోటు చాలక నాలుగు ముక్కలు ఇరికించి పంపితే, మిగతాదంతా ఆయన అల్లుకున్నారు. పోలీసు ఉన్నమాట నిజం. మూర ఉన్నమాటా నిజం. చిక్కడం మాత్రం శుద్ధ అబద్ధం.

ఎందుకు వెళ్ళామంటే

నూకాలు వదిన మా ఆయనకి స్వయానా అక్క. గోవాడ దగ్గర ఆవిడకి చెరుకు పొలం ఉంది. నాలుగేళ్ళ కిందట చెరుకు గానుగలో పడి ఆవిడ ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. చెయ్యి పోయినందుకు ఆవిడ ఏడవగా నేను చూడలేదు. చాకు తెరవలేక ఏడవగా చూశాను.

మా వైపు చెరుకు పండించేవాళ్ళ బొడ్లో మడత చాకు లేకుండా ఉండదు. తాడు కొయ్యాలన్నా, విత్తనాల బస్తా విప్పాలన్నా, కాల్లో ముల్లు తియ్యాలన్నా, గట్టు మీద కూర్చుని చెరుకు గెడ చెక్కుకోవాలన్నా అదే. అయితే మడత చాకు తెరవాలంటే ఒక చేత్తో పిడి పట్టుకోవాలి, రెండో చేతి గోరుతో అలుగు, అంటే కోసే రేకు, పైకి లాగాలి. రెండో చెయ్యి లేని మనిషి ఏం చేస్తుంది? వదిన పళ్ళతో లాగేది. మొన్న వేసవిలో అలుగుతో పాటు ముందు పన్ను కూడా ఊడి వచ్చింది. ఆ రోజు నుంచీ చాకు పెట్టెలో పడేసి, "ఒలే, కాస్త ఈ ముక్క సెక్కి పెట్టండే" అని కనబడిన వాళ్ళనల్లా అడగడం మొదలెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ ఏదీ అడగని మనిషి.

కత్తిపీట వాడుకోవచ్చు కదా అన్నారు మగవాళ్ళు. కత్తిపీట బొడ్లో దోపుకుని పొలానికి వెళ్ళమంటారా అని నేనడిగాను. అప్పుడు మా ఆయన ఇలా తేల్చారు: "ఒంటి చేత్తో తెరవాలంటే ఢిల్లీ అవతల రాంపూరులో చేసే చాకు ఒక్కటే. మీట నొక్కితే చాలు, అదే తెరుచుకుంటుంది. సినిమాల్లో చూళ్ళేదూ? కానీ అది రౌడీల చాకు. ఆడవాళ్ళకెందుకు?"

ఆ "ఎందుకు" అనకుండా ఉంటే నేను దసరా సెలవుల్లో ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. పైగా నేను ఆడపిల్లల హైస్కూల్లో పంతులమ్మను, హిందీలో నాలుగు పరీక్షలు పాసైనదాన్ని. ఈ నాలుగు పరీక్షల మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు సిగ్గుపడాల్సి ఉంది.

అనకాపల్లి

మొదటి రోజే మా ఇద్దరికీ తగువు. బండికి ఇంకా టైముందని వదిన బెల్లం బజారుకి లాక్కుపోయింది. ఆ దారిలో నేల కూడా అంటుకుంటుంది, చెప్పు లేస్తే చప్పుడవుతుంది. అయిదు కేజీల దిమ్మ కొంది.

"ఢిల్లీలో బెల్లం దొరకదా వదినా, ఇంత బరువు ఎందుకు?" అన్నాను.

"దొరుకుతాది. అది బెల్లమని ఆళ్ళనుకోవాలి, మనం ఒప్పుకోవాలి. ఎందుకొచ్చిన గొడవే?"

ఆ దిమ్మని నేను మోశాను. ఆవిడ నీళ్ళ మరచెంబు మోసింది.

నాగపూరు, ఆ తరువాత

బెజవాడలో బండి మారి, మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన ఇరుక్కున్నాం. మర్నాటికి ఇద్దరం బొగ్గు నుసితో కాటుక పెట్టుకున్నట్టు తయారయ్యాం. నాగపూరులో కమలాలు డజను రూపాయిన్నర. మా వూళ్ళో ఆ ధరకి నాలుగు వస్తే గొప్ప. వదిన ఒక పండు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో పొడిచి, గిర్రున తిప్పి, తొక్క ఒకే ముక్కగా ఊడదీసింది.

"సూసేవా. ఈ పండు నా కోసమే సేసేడే దేవుడు" అంది. ఆరు పళ్ళు తినేసింది.

మా ఎదురు బల్ల మీద సెలవు మీద ఇంటికి వెళుతున్న మిలిటరీ జవాను ఉన్నాడు. పంజాబీ మనిషి, ఆరడుగుల పైన ఉంటాడు, వదినని 'మాతాజీ' అనేవాడు. మా ప్రయాణం ఎందుకో విని, జేబులోంచి తన చాకు తీశాడు. ఇనప పిడి, ఒక అలుగు, డబ్బా కోసే ముక్క, పక్కన ఒక మేకులాంటిది. ప్రపంచంలో దీన్ని మించిన చాకు లేదన్నాడు. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాతో చెప్పించింది: "ఒక సెయ్యి ఎనక్కి పెట్టుకుని తెరిసి సూపించమను."

అతను నవ్వి ఎడమ చెయ్యి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. గోరు జారింది. మళ్ళీ జారింది. చాకుని బల్లకేసి నొక్కాడు, మోకాళ్ళ మధ్య ఇరికించాడు, బూటు కింద పెట్టాడు. ఇటార్సీ దాటింది. పెట్టెలో ఉన్నవాళ్ళంతా అతని చుట్టూ చేరి, ఎవరి భాషలో వాళ్ళు సలహాలిస్తున్నారు. చివరికి భోపాల్ వచ్చేసరికి ఆ ఆరడుగుల మనిషి చాకు నోట్లో పెట్టుకుని పళ్ళతో లాగాడు.

వదిన అతని భుజం తట్టి, తన నోరు తెరిచి, పన్ను ఊడిన చోటు చూపించింది. పెట్టె పెట్టెంతా నవ్వింది, అతనితో సహా. దిగేటప్పుడు వదిన కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు.

ఢిల్లీ

ఢిల్లీ గురించి రాయడానికి బోలెడుంది, కానీ మేము చూసింది చాందినీ చౌకులో ఒక చాకుల కొట్టు. అక్కడి యజమాని విదేశీ సరుకంటూ ఎర్ర పిడి చాకు చూపించాడు. పద్దెనిమిది రూపాయలు. అందులో రెండు అలుగులు, కత్తెర, సీసా మూత తీసేది, బిరడా లాగే మెలి, చెంచా, ముల్లు చెంచా ఉన్నాయి.

"ఇది సాకేటే, కాపరమా?" అంది వదిన.

ఒక్కొక్కటీ తెరవడానికి నా గోళ్ళే రెండు విరిగాయి. ఆవిడ ముట్టుకోనైనా ముట్టుకోలేదు. పక్క వీధిలో పరాఠాలు తిన్నాం. లోపల ముల్లంగి కూరి, నేతిలో వేయించి, అర్ధరూపాయికి ఒకటి ఇచ్చారు. మా ఇళ్ళల్లో ముల్లంగి అంటే సాంబారు తప్ప తెలియదు. వదిన మూడు తిని, "ఈళ్ళకి బుర్ర ఉందే" అని మొత్తం ఉత్తరదేశానికి కితాబిచ్చింది.

రాంపూరు బజారు

రాంపూరు స్టేషనులో దిగగానే వదిన ఆగిపోయింది. ఒక బండి నిండా చెరుకు పోతోంది. "ఒసే, మనూరు వచ్చేసేమేటే?" అంది. నిజమే, చుట్టూ చెరుకు తోటలే. మూడు రోజులు ప్రయాణం చేసి మళ్ళీ చెరుకు దగ్గరకే వచ్చాం.

బజారులో వరసగా చాకుల కొట్లు. ఇత్తడి పిడులు, కొమ్ము పిడులు, పువ్వులు చెక్కినవి, చేప బొమ్మ అలంకరించినవి, అద్దాల వెనక బారులు తీరి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద కొట్టులోకి దర్జాగా నడిచి, నాలుగు పరీక్షల హిందీలో ఇలా అడిగాను: "ఏక్ హాథ్ కా చాకూ చాహియే."

ఒంటి చేతి చాకు కావాలి. అంతే కదా? కాదట. ఆ మనిషి నన్ను చూశాడు, వదినని చూశాడు, లోపలికి కేకేశాడు. పట్టుబట్టలో చుట్టిన ఒక వస్తువు తెచ్చి మా ముందు విప్పాడు. మడిచి ఉండగానే జొన్నపొత్తంత ఉంది. తెరిస్తే మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా వచ్చింది.

మన దగ్గర చెయ్యి చెయ్యే, మూర మూరే. వాళ్ళకి 'హాథ్' అంటే చెయ్యీ అదే, మూరా అదే. నేను అడిగింది మూరెడు చాకు.

పక్కనే టీ తాగుతున్న పోలీసు కానిస్టేబులు గ్లాసు కింద పెట్టి వచ్చాడు. "అమ్మా, దీనితో తమకి ఏం పని?" అన్నాడు చాలా మర్యాదగా.

"చెరుకు చెక్కుకోవాలి" అన్నాను. నిజం చెప్పడం కన్నా అనుమానం పుట్టించేది లేదని అప్పుడే తెలిసింది.

అతను ఇంకా ఏదో అడగబోతుంటే వదిన నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది. ఎడమ చేతి మీది పైట తీసి మణికట్టు చూపించింది. కుడి చేత్తో గాలిలో చాకు తెరిచింది, చెరుకు చెక్కింది, చాకు మూసి బొడ్లో దోపుకుంది. పావునిమిషం పట్టింది. నా నాలుగు పరీక్షలూ ఆ పావునిమిషం ముందు దండగ.

"అచ్ఛా," అన్నాడతను, "ఏక్ హాథ్ సే." 'కా' కాదట, 'సే' అనాలట, మన 'తో' అన్నట్టు. కొట్టు యజమానీ, కానిస్టేబులూ, టీ కొట్టువాడూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు, మేమూ నవ్వాం. ఆ కానిస్టేబులే మా బెల్లం దిమ్మ భుజానెత్తుకుని, తనకి తెలిసిన, చాకులు చేసే పనివాడి ఇంటికి తీసుకెళ్ళి దిగబెట్టాడు. చిక్కడమంటే ఇదైతే, అలా రోజూ చిక్కడానికి నేను సిద్ధం.

ఉస్తాద్ ముంగిట్లో

ఆ పనివాణ్ణి అందరూ ఉస్తాద్ అనే పిలిచారు. నలభై ఏళ్ళుంటాయి, గోరింటాకు పెట్టిన గడ్డం. ముంగిట్లోనే కొలిమీ, ఆకురాళ్ళూ. సంగతి వినగానే "అరే, ఇంతేనా" అని, ఇత్తడి పిడి చాకు ఒకటి వదిన చేతికి ఇవ్వకుండా చాప మీద పెట్టాడు.

వదిన తీసుకుని మీట నొక్కింది. కటకటకట. అలుగు లేచి నిలబడింది. ఒంటి చేత్తో. నాలుగేళ్ళ తరువాత. ఆవిడ ముఖం ఎలా ఉందో నేను రాయలేను. "సరోజా, సూడే. సూడే" అంటోంది. నేను మా ఆయన గెలిచారే అని కాస్త ఏడ్చుకుని, అయినా సంతోషపడ్డాను.

"మరి మూయడం?" అంది వదిన.

ఉస్తాద్ చూపించాడు. ఒక చేత్తో మీట నొక్కి పట్టుకున్నాడు. రెండో చేత్తో అలుగు మడిచాడు.

వదిన మీట నొక్కి పట్టుకుని అలుగుని మోకాలికేసి తోసింది. జారింది. గోడకేసి తోసింది, జారింది. కాలి వేళ్ళ మధ్య పెట్టి తోసేసరికి చీర అంచు తెగింది, బొటనవేలు గీసుకుంది. ఇంకోసారి చేస్తానంటే నేను పట్టుకుని ఆపాను. చాకు తెరిచే ఉంది. దాన్ని అలాగే చాప మీద పెట్టేసింది.

"తెరిసిన సాకు బొడ్లో పెట్టుకుని నానెక్కడికెల్తానే," అంది మెల్లగా.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా, ఇంతమంది, ఇంత పేరున్న చాకులు చేస్తున్నారు, ఒంటి చేత్తో మూయడం ఎలాగని ఒక్కరికీ తోచలేదా అని ఉస్తాద్‌ని నిలదీశాను.

"అమ్మా, మా దగ్గరకొచ్చే మగవాళ్ళంతా ఎంత త్వరగా తెరుచుకుంటుందని అడుగుతారు" అన్నాడు. "ఎలా మూయాలని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు."

తెర వెనక

వదిన కాలి గాయానికి పసుపు పెడతారని మమ్మల్ని తెర దాటించి లోపలి వాకిట్లోకి పంపారు. ఈ ముక్క మా ఆయన కథలో లేదు. ఉండే వీలు లేదు. చాకులు కొనడానికి రాంపూరు వెళ్ళే మగవాళ్ళెవరూ ఆ తెర దాటలేరు.

వాకిట్లో నులక మంచం మీద ఉస్తాద్ తల్లి కూర్చుని ఉంది. అందరూ ఆవిడని బడీ అమ్మా, అంటే పెద్దమ్మ, అంటున్నారు. డెబ్బై ఏళ్ళ పైమాట. ఒక చేత్తో చంకలో మనవరాల్ని పట్టుకుని, రెండో చేత్తో దానికి చెరుకు చెక్కుతోంది. గెడ కొస మంచం కోడుకి ఆనించి ఉంది. మమ్మల్ని చూసి చాకుని తొడకేసి ఇలా ఆనించింది, అలుగు లోపలికి పోయింది. బొటనవేలితో ఏదో నొక్కింది, బయటికి వచ్చింది.

వదిన కాలి గాయం మరిచిపోయింది.

ఆ చాకుకి మీట లేదు, లోపల స్ప్రింగు లేదు. నల్లటి కర్ర పిడి, ఒక అలుగు, అది తిరగడానికి ఒక చీల. అలుగు వెనక కొస మాత్రం చీల దాటి పిడి పైకి తోకలా వచ్చింది. ఆ తోకని బొటనవేలితో వెనక్కి నొక్కితే అలుగు తెరుచుకుంటుంది. పని చేస్తున్నంతసేపూ తోక గుప్పిట్లో ఉంటుంది కనక మడుచుకోదు. పని అయ్యాక అలుగు వీపుని తొడకి ఆనిస్తే మూసుకుంటుంది. అంతే. మన మంగలి కత్తికి ఉన్న తోకే.

ఉస్తాద్‌ని పిలిచి ఇదేమిటని అడిగితే సిగ్గుపడ్డాడు. "అది సరుకు కాదమ్మా. పని నేర్చుకునే మొదటి నెలలో ఇలాంటివి చేయిస్తారు. కొట్లో పెడితే నవ్వుతారు. ఇంట్లో ఆడవాళ్ళకి పడేస్తాం. ఇది నేను మొదట చేసింది" అన్నాడు. రేపటికల్లా ఇత్తడి పిడితో కొత్తది చేసిస్తానన్నాడు.

బడీ అమ్మా కొడుకుని కసిరింది. కొత్తదానికి చీల బిగువుగా ఉంటుంది, ఇరవై ఏళ్ళు నా చేతిలో తిరిగితే ఇది వదులైంది, ఆవిడకున్నది ఒక్క చెయ్యి, బిగువు చాకు ఎలా తిప్పుతుంది, కొత్తది నాకు చేసి పెట్టు అంది. ఇదంతా నేను తెలుగులో చెప్పేలోపే తన చాకు మూసి, వదిన ముందు చాప మీద పెట్టింది.

వదిన తీసింది. తెరిచింది, మూసింది. పదిసార్లు. పన్ను ఊడిన నోటితో చంటిపిల్లలా నవ్వింది. తరువాత చాకుని బుద్ధిగా బడీ అమ్మా ముందు పెట్టేసింది.

బడీ అమ్మా మళ్ళీ ఇటు తోసింది. వదిన అటు తోసింది. నేను చెబుతూనే ఉన్నాను, "వదినా, ఇచ్చేస్తోందావిడ" అని. "సూడమని ఇచ్చిందే, ఉంచుకోమని కాదు. ఇరవయ్యేళ్ళ సాకు ఎవురిస్తారు?" అని మళ్ళీ తోసింది. మా వైపు కత్తి చేతికి ఇవ్వం, కింద పెడతాం. చేతికిస్తే ఇద్దరికీ తగువొస్తుందంటారు. వాళ్ళూ అలాగే కింద పెడుతున్నారు. ఇక ఇచ్చినట్టేదో, తిరిగి ఇచ్చేసినట్టేదో ఎవరికి తెలుస్తుంది? చాకు చాప మీద నాలుగు మాట్లు అటూ ఇటూ తిరిగింది.

ఆఖరికి బడీ అమ్మా విసుగెత్తి, వదిన కుడి చెయ్యి పట్టుకుని లాగి, అరచేతిలో చాకు పెట్టి, వేళ్ళు మూసేసింది.

నేను అదిరిపోయాను. "వదినా, చేతికిచ్చేసింది" అన్నాను.

వదిన గుప్పిట విప్పలేదు. "ఏటవుద్దే? తగువొస్తాదా? మాటే కలవదు కదా ఇద్దరికీ, ఇంక తగువెలాగొస్తాది?"

ఆ చాకుతో వదిన మొదట కోసింది చెరుకు కాదు. అనకాపల్లి బెల్లం దిమ్మ విప్పించి, అంచున పల్చగా ఒక పొర గీసి బడీ అమ్మాకి పెట్టింది. పళ్ళు లేని ఆవిడ దాన్ని నాలుక మీద ఉంచుకుని కళ్ళు మూసుకుంది. తరువాత దిమ్మంతా తన మంచం కిందకి నెట్టించుకుంది. ధర అడిగితే ఉస్తాద్ చెప్పలేదు. సరుకే కాని దానికి ధరెక్కడిదన్నాడు.

తిరుగు బండి

దారి పొడవునా వదిన చేతికి తీరిక లేదు. జామకాయలు, కీరా దోసకాయలు, ఎవరిదో పరుపు చుట్ట కట్టిన తాడు, ఒకాయన ముడి విప్పలేక అవస్థ పడుతున్న మందుల పొట్లం దారం. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కోసిపెట్టింది. బల్లార్షా దగ్గర నేను అరటిపండు తింటుంటే అది కూడా కోసిస్తానంది.

ఇంటికి రాగానే మా ఆయన చాకు చూశారు. "ఇదేమిటి, మంగలి కత్తిలా ఉంది? రాంపూరు దాకా వెళ్ళి తెచ్చింది ఇదా?" అని రెండు చేతులతో తెరిచారు. వదిన ఆయన చేతిలోంచి లాక్కుని, మూసి, బొడ్లో దోపుకుంది. "ఒరే, నీకు రెండున్నాయిరా. నీకు తెలీదు" అని గోవాడ బస్సెక్కింది. మర్నాడు గట్టు మీద కూర్చుని, ఎవరినీ పిలవకుండా, గెడంతా తనే చెక్కుకు తిందని పాలేరు వచ్చి చెప్పాడు.

నాకు మాత్రం ఒక సంగతి తేలలేదు. ఉస్తాద్‌ని అడిగితే తన గురువు నేర్పాడన్నాడు, ఆ గురువుకి ఇంకో గురువు నేర్పాడట. వెనక్కి వెనక్కి వెళితే, చాకుకి తోక పెట్టాలని మొట్టమొదట తోచిన మనిషికి రెండు చేతులూ ఉన్నాయా, ఒకటేనా?